దిగుడుకు ముందే గేరు



క్లచ్ పెడల్ లేని బండి మన గోదావరిఖనికి కొత్త కాదు. ఇళ్ళ ముందు ఆటోమేటిక్ కార్లు కనిపించడం ఈమధ్య ముచ్చటే కావచ్చు. కానీ ఓసీపీల్లో, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనుల్లో, డంపర్లు నడిపే మన ఈపీ ఆపరేటర్లకు ఆటోమేటిక్ గేర్లతో ఏండ్ల నాటి సావాసం. 35 టన్నుల డంపరైనా, 60 టన్నులదైనా, 100 టన్నులదైనా ఇంజన్‌కూ గేర్లకూ నడుమ ఉండేది టార్క్ కన్వర్టరే. అంటే నూనె ప్రవాహంతో శక్తిని అందించే యంత్రం. గేర్లు వాటంతట అవే పడతాయి. అయినా ఏ గేరు దాకా పోవాలి, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం ఆపరేటర్ చేతిలోనే ఉంటుంది. ఓసీపీ వర్క్‌షాపులో ట్రాన్స్‌మిషన్లు విప్పి బిగించే పనిలో చాలాకాలం ఉన్నవాణ్ణి కాబట్టి ఆ తేడా నాకు బాగా తెలుసు. గేరు తానే పడుతుంది నిజమే, గేరును ఎంచుకునే బాధ్యత మాత్రం డ్రైవర్‌దే. డంపర్ మీద మనం పాటించే ఈ సూత్రాన్ని కారు ఎక్కగానే మరిచిపోతున్నాం. అందుకే ఈ రోజు ఆటోమేటిక్ కారులో ఓవర్‌డ్రైవ్ గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను.

దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికొచ్చే రోజుల్లో యైటింక్లైన్ కాలనీ నుంచి సెంటినరీ కాలనీ దాకా కొత్త బండ్లకు కొబ్బరికాయలు కొడుతుంటారు. వాటిలో ఆటోమేటిక్‌లు ఏటేటా పెరుగుతున్నాయి. బొగ్గు బాయిలో ఏండ్ల తరబడి నడిచి మోకాళ్ళు అరిగినవాళ్ళకు క్లచ్ తొక్కే బాధ తప్పడం చిన్న విషయం కాదు. సెకండ్ హ్యాండ్ బండి చూసుకునేవాళ్ళకు నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లు ఎదురవుతుంటాయి. పాత ఐ10, సియాజ్, 2022కు ముందటి ఎర్టిగా అలాంటివే. వాటిలో గేరు లివర్ పక్కన బొటనవేలికి అందేలా ఓ చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే మీటర్ల మధ్య ‘ఓ/డీ ఆఫ్’ అన్న దీపం వెలుగుతుంది. మళ్ళీ నొక్కితే ఆరిపోతుంది.

తికమకంతా ఈ బటన్ దగ్గరే. “సార్, గీ బటన్ ఒత్తితే బండి జోరుగ ఉరుకుతదంటరు, నిజమేనా?” అని నన్ను అడిగినవాళ్ళు చాలామంది. అడిగినవాళ్ళు నయం. అడగకుండానే రాజీవ్ రహదారి ఎక్కగానే నొక్కేవాళ్ళు ఉన్నారు. దీపం వెలిగింది కాబట్టి ఏదో పని మొదలైందని నమ్ముతారు. నిజానికి ఆ దీపం వెలిగిందంటే ఓవర్‌డ్రైవ్ ఆగిపోయిందని. బండి నాలుగో గేరుకు పోదు, మూడో గేరు దగ్గరే నిలిచిపోతుంది. బసంత్‌నగర్ టోల్ గేటు దగ్గర నొక్కిన బటన్‌ను శామీర్‌పేట దాకా చూసుకోకపోతే, నూటయాభై కిలోమీటర్లకు పైగా ఇంజన్ చేయనవసరం లేని చాకిరీ చేసినట్టే.

ఎందుకో చెబుతాను. ఈ నాలుగు గేర్ల బండ్లలో మూడో గేరు నేరు గేరు. ఇంజన్ ఒక చుట్టు తిరిగితే గేరుపెట్టె నుంచి బయటికి పోయే షాఫ్టు కూడా ఒక చుట్టు తిరుగుతుంది. నాలుగో గేరులో ఇంజన్ దాదాపు 0.7 చుట్టు తిరిగితే చాలు, బయటి షాఫ్టు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. ఇదే ఓవర్‌డ్రైవ్. పిల్లలు తొక్కే గేరు సైకిల్‌లో వెనక చిన్న పళ్ళ చక్రం మీదికి చైన్ మార్చినప్పుడు కాళ్ళు నెమ్మదిగా ఆడుతున్నా సైకిల్ సాగిపోతుంది కదా, అలాగే. చదునులో అది హాయి. అదే గేరుతో గుట్ట ఎక్కమంటే తొడలు పట్టేస్తాయి.

లెక్క చూడండి. మూడో గేరులో ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగే వేగంలో, నాలుగో గేరు పడితే అదే వేగానికి 2,100 చుట్లు సరిపోతాయి. తిప్పి చెబితే, ఓవర్‌డ్రైవ్ ఆపి పోయినప్పుడు ప్రతి కిలోమీటరుకూ ఇంజన్ 100 చుట్లు తిరగాల్సిన చోట 143 చుట్లు తిరుగుతుంది. పెట్రోలు ఖర్చు అంతే లెక్కన పెరగదు గానీ, పెరగడం మాత్రం ఖాయం. చప్పుడు, వేడి, అరుగుదల కూడా పెరుగుతాయి. కాబట్టి మొదటి మాట ఇది: పెద్దపల్లి, సుల్తానాబాద్, కరీంనగర్ దాటి సిద్దిపేట వైపు నిలకడగా పోతున్నప్పుడు ఆ దీపం ఆరి ఉండాలి. లివర్ ‘డీ’లో ఉండాలి. బటన్ జోలికి పోవద్దు. మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం ఇంతే.

ఈ గేరు పుట్టిందే పొదుపు కోసం. అమెరికాలో 1934లోనే క్రైస్లర్ కార్లకు ఓవర్‌డ్రైవ్ అమర్చారు, అయితే అవి చేత్తో గేర్లు మార్చే బండ్లు. ఓల్డ్స్‌మొబైల్ కంపెనీ 1940 మోడల్ కార్లలో హైడ్రామాటిక్ పేరుతో పూర్తి ఆటోమేటిక్‌ను అమ్మకానికి తెచ్చింది. దానికి నాలుగు గేర్లున్నా నాలుగోది నేరు గేరే. 1973లో చమురు సంక్షోభం వచ్చి పెట్రోలు ధర ఆకాశానికెక్కాక గానీ ఆటోమేటిక్‌లో ఓవర్‌డ్రైవ్ సంగతి గట్టిగా పట్టించుకోలేదు. ఫోర్డ్ తన నాలుగు గేర్ల ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్‌ను 1980 మోడల్ కార్లలో పెట్టింది. అదే చమురు సంక్షోభం మన దేశాన్ని బొగ్గు వైపు తిప్పింది. 1975లో ఎన్‌టీపీసీ ఏర్పడింది, 1978లో రామగుండంలో విద్యుత్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. మన కారు గేరుపెట్టెలోని ఆ చివరి గేరు, ఊరి అంచున కనిపించే ఆ పొగగొట్టాలు ఒకే కాలపు అవసరం నుంచి వచ్చాయని నాకు అనిపిస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం. బటన్ ఎప్పుడు నొక్కాలి?

అన్నిటికంటే ముందు, అన్నిటికంటే గట్టిగా చెప్పాల్సింది దిగుడు గురించి. మన ఓసీపీలో డంపర్ మామూలుగా నిండుగా ఎక్కుతుంది, ఖాళీగా దిగుతుంది. హాల్‌రోడ్డు వాలు 16 అడుగులకు ఒక అడుగు మించకూడదని బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. చూడ్డానికి అది పెద్ద వాలు కాదు. అయినా ఖాళీ డంపర్ కూడా పదుల టన్నుల ఇనుమే. అందుకే మంచి ఆపరేటర్ వాలు అంచుకు చేరకముందే, ఇంకా చదునులో ఉండగానే వేగం తగ్గించి కింది గేరు ఎంచుకుంటాడు. దిగేటప్పుడు బండిని పట్టి ఉంచే పని గేరుకూ రిటార్డర్‌కూ అప్పజెబుతాడు. కాలి బ్రేకును నిజంగా అవసరమైన క్షణానికి దాచుకుంటాడు. న్యూట్రల్‌లో దిగడం అన్న మాటే అక్కడ లేదు. వృత్తి శిక్షణ కేంద్రం (వీటీసీ)లోనే ఇది తలకెక్కిస్తారు. ఒక గుట్ట ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు కావాలని పాత డ్రైవర్లు చెప్పే మాటలో గొప్ప సత్యం ఉంది.

ఇప్పుడు అదే ఆపరేటర్ సెలవు పెట్టి కుటుంబంతో శ్రీశైలం బయలుదేరాడనుకోండి. దోమలపెంట దాటాక కృష్ణ దాకా దిగుడు, వంతెన దాటాక సుండిపెంట వైపు మళ్ళీ ఎక్కుడు. కారులో ఆరుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ నడుస్తోంది. ‘డీ’లో ఉంది, నాలుగో గేరులో ఉంది, బండి మెల్లగా జారుకుంటూ వేగం అందుకుంటోంది. ఇంజన్ దాన్ని పట్టి ఆపడం లేదు, ఎందుకంటే నాలుగో గేరులో చక్రాలు ఇంజన్‌ను నెమ్మదిగానే తిప్పుతాయి. కాబట్టి కాలు బ్రేకు మీదే. మలుపు మలుపుకూ బ్రేకు. ఒకటిన్నర టన్నుల కారు 400 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, ఆ దిగుడు శక్తి అంతా వేడిగా మారితే, దగ్గరదగ్గర ఇరవై లీటర్ల చన్నీళ్ళను మరిగించేంత అవుతుంది. గాలి, టైర్లు అందులో కొంత మింగుతాయి. మిగతాదంతా ఎక్కడికి పోవాలి? ఇంజన్ సాయం లేకపోతే అరచేతులంత బ్రేకు ప్యాడ్లలోకే పోవాలి. కాలిన వాసన వస్తుంది. బ్రేకు నూనె పాతబడి తేమ పీల్చుకుని ఉంటే అది మరిగి బుడగలు కడుతుంది. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. ఘాట్ రోడ్ల మీద బ్రేకులు ఫెయిలయ్యాయని మనం వినే వార్తల్లో చాలావాటి వెనక ఈ వేడే ఉంటుంది.

అందుకే దిగుడు కనబడగానే, ఇంకా మొదలుకాక ముందే, బటన్ నొక్కండి. దీపం వెలుగుతుంది, బండి మూడో గేరుకు వస్తుంది, ఇంజన్ చప్పుడు కాస్త పెరుగుతుంది. ఆ చప్పుడుకు కంగారు పడవద్దు. అది ఇంజన్ మీ బండిని పట్టి ఉంచుతున్న చప్పుడు. అప్పటికీ వేగం పెరుగుతుంటే ఒకసారి బ్రేకుతో తగ్గించి లివర్‌ను ‘2’లోకి తెచ్చుకోండి. నిటారు దిగుడులో మూడో గేరు చాలదు. ఓవర్‌డ్రైవ్ ఆపడం మొదటి మెట్టే, ‘2’, ‘ఎల్’ ఆ తర్వాతివి. తిరుమలకు పోయినవాళ్ళకు తెలుసు: 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డును ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండో రోడ్డును ఎక్కడానికి వాడుతున్నారు. ఇంత సమయం కంటే ముందు చేరకూడదన్న కట్టడి కూడా పెట్టారు. ఆ కట్టడిని మనస్ఫూర్తిగా పాటించాలంటే ‘2’ గేరే మార్గం. కాలు నొప్పి పెట్టదు, బ్రేకులు చల్లగా ఉంటాయి. మనకు దగ్గర్లో నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఉంది. కుంటాల జలపాతానికి పోయేవాళ్ళు అక్కడే ఈ అలవాటు నేర్చుకోవచ్చు.

పెట్రోలు ఆదా అవుతుందని దిగుడులో న్యూట్రల్ వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దయచేసి ఆ పని మానండి. ఇవాళ్టి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే, బండే ఇంజన్‌ను తిప్పుతుంది కాబట్టి కంప్యూటర్ ఇంజన్‌కు పెట్రోలు పోవడం ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండడానికి పెట్రోలు పోస్తూనే ఉండాలి. అంటే ఆదా అనుకున్నదే ఖర్చు. పైగా బండి మీద పట్టు పోతుంది. హాల్‌రోడ్డు మీద ఏ ఆపరేటర్ చేయని పనిని పిల్లల్ని ఎక్కించుకున్న కారులో ఎందుకు చేయాలి?

రెండో సందర్భం ఎక్కుడు. వాలు ఎక్కుతున్నప్పుడు బండి నాలుగో గేరులో లాగలేక మూడుకు వస్తుంది. మూడులో కాస్త ఊపు అందగానే చాలనుకుని నాలుగుకు పోతుంది. మళ్ళీ లాగలేక మూడుకు. ఈ ఊగిసలాట డ్రైవర్‌కు చిరాకే, కానీ గేరుపెట్టెకు అది అంతకంటే చెడ్డది. గేరు మారిన ప్రతిసారీ లోపలి క్లచ్ పలకలు ఓ క్షణం ఒకదానిమీద ఒకటి జారి పట్టుకుంటాయి. ఆ జారుడులో వేడి పుడుతుంది. పై గేర్లలో నిలకడగా పోతున్నప్పుడు టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ ఇంజన్‌నూ గేరుపెట్టెనూ నేరుగా కలిపి ఉంచుతుంది. ఊగిసలాటలో అది పట్టుకోవడం, వదలడం, మళ్ళీ పట్టుకోవడం. ఆ వేడి అంతా మోసేది ట్రాన్స్‌మిషన్ నూనె. మామూలు రోజుల్లో పర్వాలేదు. మే నెలలో మన రామగుండం ఎండ సంగతి తెలిసిందే, 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఆ ఎండలో ఏసీ వేసుకుని, నిండు కారుతో గుట్టలు ఎక్కుతూ బండిని ఊగిసలాడనివ్వడమంటే నూనెను ఉడకబెట్టడమే. బటన్ నొక్కి మూడులో నిలపండి. చదును రాగానే మళ్ళీ నొక్కి నాలుగుకు వదలండి. నేను వర్క్‌షాపులో విప్పిన ట్రాన్స్‌మిషన్లలో కాలి నల్లబడ్డ నూనె, దానితో అరిగిపోయిన క్లచ్ పలకలు తరచుగా కలిసే కనిపించేవి. ఆ వాసన ఒకసారి చూస్తే మరిచిపోలేం. నూనె ఎప్పుడు చూడాలో, ఎప్పుడు మార్చాలో మీ బండి పుస్తకంలో ఉంటుంది. “జీవితకాలం మార్చక్కరలేదు” అని ఎవరైనా చెప్తే ఆ పుస్తకం తీసి మీరే చదవండి. మన ఎండకు, మన దుమ్ముకు నూనె విషయంలో పిసినారితనం పనికిరాదు.

మూడోది ఓవర్‌టేక్. రాజీవ్ రహదారి నాలుగు వరసలది కాబట్టి అక్కడ అంత భయం లేదు. కానీ మంథని, కాటారం మీదుగా భూపాలపల్లి వైపు పోయే దారి, మేడారం జాతర రోజుల్లో మనమంతా పట్టే దారి, అది వేరు. ముందు బొగ్గు లారీ, ఎదురుగా మరో లారీ. కుందనపల్లి బూడిద చెరువు నుంచి బయలుదేరే బూడిద టిప్పర్లు మనకు ఎక్కడైనా ఎదురవుతాయి. నాలుగో గేరులో ఇంజన్ 1,800 చుట్లు తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ అదిమి తొక్కితే బండి ఒక క్షణం ఆలోచిస్తుంది. ఆ తర్వాత ఒక గేరో, ఒక్కోసారి రెండు గేర్లో దిగి ఒక్కసారిగా ఉరుకుతుంది. ఆ ఒక్క క్షణంలోనే ఎదుటి లారీ ఎంతో దగ్గరికి వచ్చేస్తుంది. దానికి బదులు, లారీ వెనకే ఉండి దారి చూసుకుంటున్నప్పుడే బటన్ నొక్కి పెట్టుకోండి. అదే వేగంలో ఇంజన్ 2,570 చుట్ల దగ్గర సిద్ధంగా ఉంటుంది. దారి ఖాళీ అయిందని రూఢి చేసుకున్నాక కాలు ఆనించగానే బండి ముందుకు దూకుతుంది. దాటాక మీ వరసలోకి వచ్చి, బటన్ మళ్ళీ నొక్కండి. ఈ చివరి పనే చాలామంది మరిచిపోతారు. దారి సరిగా కనబడకపోతే మాత్రం ఏ గేరూ మిమ్మల్ని కాపాడదు, లారీ వెనకే ఉండండి.

నొక్కకూడని చోటు కూడా ఒకటుంది. ఇది మన ప్రాంతం వాళ్ళకే బాగా అర్థమవుతుంది. వానాకాలంలో ఓసీపీల దగ్గర, బొగ్గు హ్యాండ్లింగ్ ప్లాంట్ల (సీహెచ్‌పీల) దగ్గర లారీల నుంచి రాలిన బొగ్గు పొడి వాన నీళ్ళలో కలిసి రోడ్డు మీద నల్లటి జిగురు బురద అవుతుంది. దాని మీద నూనె పోసినట్టే జారుడు. బైకుల వాళ్ళు పడిపోయేది అక్కడే. అలాంటి చోట మలుపులో ఉండగా వేగం మీద హఠాత్తుగా బటన్ నొక్కితే, ఇంజన్ ముందు చక్రాలను ఒక్కసారిగా లాగి పట్టుకుంటుంది. చక్రాలు పట్టు తప్పవచ్చు. స్టీరింగ్ మాట వినకపోవచ్చు. అక్కడికి చేరకముందే వేగం తగ్గించండి, ఏ గేరు కావాలో నేరు దారిలోనే ఎంచుకోండి, బురదలో ఉన్నంతసేపు గేరు మార్చవద్దు. డంపర్ విషయంలో చెప్పిందే ఇక్కడా వర్తిస్తుంది.

మీ బండిలో ఆ బటన్ లేదా? అయినా చాలా బండ్లలో ఓవర్‌డ్రైవ్ ఉంది. 2014లో సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ బండ్లలో టార్క్ కన్వర్టర్ ఉండదు. అది మామూలు గేరుపెట్టెనే, క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని యంత్రం చేస్తుంది. దానిలో అన్నిటికంటే పై గేరు ఓవర్‌డ్రైవ్. దిగుడుకు ముందు లివర్‌ను ‘ఎం’ వైపు తోసి మూడో గేరో రెండో గేరో మీరే వేసుకోవాలి. ఆరు గేర్ల కొత్త ఆటోమేటిక్‌లు కొన్నిటిలో స్టీరింగ్ వెనక రెండు రెక్కల్లాంటి మీటలు ఉంటాయి. తగ్గింపు గుర్తున్న మీటను లాగితే కింది గేరు పడుతుంది. విడివిడి గేర్లు లేని సీవీటీ ఆటోమేటిక్ బండ్లలో ‘ఎస్’ లేదా ‘ఎల్’, హైబ్రిడ్ బండ్లలో ‘బీ’ ఉంటుంది. కరెంటు కార్లలో మామూలుగా మార్చుకునే గేర్లే ఉండవు, బదులుగా దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఉంచి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఆ పట్టును ఎక్కువ తక్కువ చేసుకునే వీలు చాలా బండ్లలో ఉంది. పేర్లు, గుర్తులు మారతాయి. పని ఒక్కటే.

ఇంకో చిన్న సంగతి. మామూలుగా ఇంజన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఓవర్‌డ్రైవ్ తిరిగి పనిలోకి వస్తుంది, దీపం ఆరిపోతుంది. కాబట్టి ఘాట్ మధ్యలో టీ కోసం ఆగి బయలుదేరితే బటన్ మళ్ళీ నొక్కాలి. మీరు నొక్కకుండానే ఆ దీపం మిణుకు మిణుకుమంటుంటే, కొన్ని కార్లలో అది గేరుపెట్టెలో లోపం ఉందన్న హెచ్చరిక. అప్పుడు మెకానిక్ దగ్గరికి పోవాల్సిందే. చెడిపోయిన ఆటోమేటిక్‌ను తాడు కట్టి లాగించవద్దు. ఇంజన్ ఆగితే గేరుపెట్టెలో నూనె పంపు కూడా ఆగుతుంది. నడిపే చక్రాలు నేల మీద తిరుగుతుంటే లోపల నూనె అందక భాగాలు అరిగిపోతాయి. ముందు చక్రాలు ఎత్తి తీసుకుపోయే బండినో, మొత్తం కారును ఎక్కించుకునే బండినో పిలవండి.

ఓసీపీల్లో డంపర్లు నడుపుతున్న ఈపీ ఆపరేటర్లకు, నడిపి రిటైరైన పెద్దలకు నాదొక విన్నపం. మీ కాలనీలో, మీ వీధిలో కొత్తగా ఆటోమేటిక్ కొన్నవాళ్ళు ఉంటారు. వాళ్ళకు డ్రైవింగ్ స్కూలు చెప్పని చదువు మీ చేతుల్లో ఉంది. వాలు అంచుకు రాకముందే గేరు ఎంచుకోవడం మీకు రోజూ చేసే పని, వాళ్ళకది తెలియనే తెలియదు. ఒక ఆదివారం పొద్దున వాళ్ళ పక్క సీట్లో కూర్చుని గోదావరి వంతెన దాకా పోయి రండి. బటన్ ఎక్కడుందో చూపించండి, నొక్కితే ఇంజన్ చప్పుడు ఎలా మారుతుందో వినిపించండి. వాళ్ళు శ్రీశైలానికో తిరుమలకో బయలుదేరేలోపే ఈ పని జరగాలి.